పిల్లి ఎదురు రాకుండా

ఆ రోజుల్లో మా చిత్తూరులో కడుపుతో ఉన్న కోడలికి జరిగే మర్యాదలు చూస్తే మహారాణులు కూడా కుళ్లుకునేవాళ్లు. మా అత్తవారిది బెల్లం మండీ. బెల్లం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లి. పిల్లిని తరిమేస్తే వ్యాపారానికి నష్టం, కడుపుతో ఉన్న నాకు అది ఎదురొస్తే వంశానికి నష్టం. (రెంటిలో ఏది పెద్దదో మా అత్త పైకి చెప్పేది కాదు.) అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. నేను గడప దాటాల్సి వచ్చినప్పుడల్లా మా మామ మండీ పని వదిలి, పిల్లిని ఒళ్లో అదిమిపట్టుకుని అరుగు మీద కూర్చోవాలి. నేను వీధి మలుపు తిరిగేదాకా వదలకూడదు. తెల్ల పంచె, నుదుట నామం, చేతినిండా రక్కులు. వీధంతా నవ్వేది. నేనూ పమిట అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఇరవై నిండని నాకు అంతకుముందు అంత భోగం ఎప్పుడు దక్కింది గనక.

పెరట్లో అంట్లు తోమడానికి పోసిన ఇసుక కుప్పే ఆ పిల్లికి మరుగుదొడ్డి. పొద్దున్నే దాని పెంట చేటలోకి ఎత్తి పారేయడం కోడలి పని. చేత్తోనే ఎత్తేదాన్ని. (చేయి నీళ్లలో ముంచితే కడిగినట్టే లెక్క.) నాలుగో నెలలో ఒళ్లు వెచ్చబడి మెడ పక్కన బిళ్లలు కట్టాయి. దిష్టి అన్నారు, తీశారు, తగ్గింది. ఐదో నెలలో బిడ్డ కదలిక ఆగిపోయింది. పోయిన బిడ్డను నాకు చూపించలేదు. ఇంట్లో మాత్రం పిల్లి ఎప్పుడు ఎదురొచ్చిందా అని పంచాయితీ మొదలైంది. “నేను వదల్లేదు మే, ఒట్టు” అంటూ మామ అందరి ముందూ తిరిగాడు.

నన్ను చూసిన డాక్టరమ్మ నా రక్తం వేలూరు పెద్దాసుపత్రికి పంపించింది. ఫలితం వచ్చాక, ఇంట్లో పిల్లి ఉందా, దాని పెంట ఎవరు ఎత్తుతారని అడిగింది.

“మా కోడలే ఎత్తుతాదమ్మా. కడుపుతో ఉండి గూడా ఒక్క దినం మానుకోలే” అంది అత్త, నన్ను మెచ్చుకుంటూ.

ఆ పెంటలో, సరిగా ఉడకని మాంసంలో ఒక క్రిమి ఉంటుందనీ, తల్లికి చిన్న జ్వరంలా వచ్చిపోయినా కడుపులోని బిడ్డ ప్రాణం తీయగలదనీ, బతికినా కళ్లకో మెదడుకో దెబ్బ తగలవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. నూటికి నూరుపాళ్లూ ఇదేనని అనలేను గానీ రక్తం ఆ మాటే చెబుతోందంది. పిల్లి ఎదురైతే ఏమీ కాదనీ, ఇకమీదట ఆ పెంట వట్టి చేత్తో ముట్టవద్దనీ, కడుపుతో ఉన్నప్పుడైతే దాని జోలికే పోవద్దనీ చెప్పింది.

ఇంటికి రాగానే అత్త మామతో, “మీ తప్పేమీ లేదంట. ఎదురు రావడం వల్ల కాదంట” అంది. ముసలాయన పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. ఇల్లంతా తేలికపడింది.

మర్నాడు పొద్దున్నే చేట పట్టుకుని పెరట్లోకి నడిచిన ఆ పిచ్చిపిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఇంటినిండా మనుషులు. ఎవరూ వద్దనలేదు.