బోరబండలో గది అడిగిన రోజు

కొండాపూర్‌లో మేం పెరిగిన అనాథ పిల్లల హోమ్‌కు శనివారాలు ఐటీ కంపెనీల వాళ్లు వచ్చేవారు. పద్దెనిమిది నిండబోతున్న మాకు సొంతంగా బతకడం నేర్పేవారు. ఏటీఎం వాడటం, కళ్లలోకి చూసి మాట్లాడటం, చెయ్యి కలపడం. అబ్బో, చెయ్యి కలపడానికే ఒక పూటంతా పట్టింది! కిరాయికి గది అడగడం మాత్రం ఒక్కరూ నేర్పలేదు.

హోమ్ నేర్పిన విద్య వేరే ఉంది. గేటు ముందు దాతల కారు ఆగితే ముఖం కడుక్కుని వరసలో నిలబడాలి. చేతులు జోడించి, "నాకు అమ్మానాన్న లేరు. మీలాంటి దయగలవాళ్ల వల్లే చదువుకుంటున్నాను" అని గొంతు కాస్త వణికించి చెప్పాలి. అందులో నన్ను మించినవాళ్లు లేరు. హోమ్ నడిపే మేడమ్ ఎప్పుడూ నన్నే ముందు నిలబెట్టేది.

పద్దెనిమిది నిండిన రోజు పొద్దున్నే నా మంచం ఇంకో పిల్లకు ఇచ్చేశారు. సోమవారం నుంచి నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పని. ఆలోగా, అసలు ఆ రోజు చీకటి పడేలోగా, గది దొరక్కపోతే నాకు రోడ్డే గతి. బోరబండలో టు-లెట్ బోర్డు చూసి మెట్లెక్కాను. ఇంటావిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఒక్కదానివేనా బిడ్డా? అమ్మానాన్న ఏడుంటరు?"

ఊళ్లో ఉన్నారని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ ప్రశ్న వినగానే నా పాడు చేతులు వాటంతటవే జోడయ్యాయి. పాఠం మొత్తం అప్పజెప్పేశాను, వణుకుతో సహా. ఛీ, నా నోరు పడిపోను!

ఆవిడ కళ్లు తుడుచుకుంది. అన్నం పెట్టింది. కూతురి పాత బట్టలు సంచిలో వేసి ఇచ్చింది.

"మరి రూమ్, ఆంటీ?"

"రేపు నీకేమన్నయితే ఎవల్ని అడగాలె? పెద్దోళ్లతోని ఒక్క మాట చెప్పియ్యి, ఇస్త."

నాకు పెద్దవాళ్లంటే మేడమ్ ఒక్కతే. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "మా పిల్లేనండి, మంచిది" అంటే చాలు. ఆంటీ నా గురించి అడుగుతుంటే, దేవుడా, అనిపించు అని మొక్కుకున్నాను.

"పద్దెనిమిది నిండాయి కదండీ, ఇక మాకు సంబంధం లేదు," అంది మేడమ్. వెంటనే గొంతు మెత్తబడింది. "కానీ మా దగ్గర చిన్నపిల్లలు చాలామంది ఉన్నారండి, పాపం. మీ ఇంట్లో పుట్టినరోజులేమైనా ఉంటే వాళ్లకు ఒక పూట భోజనం పెట్టించండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ కట్ చేసేదాన్నే. ఆంటీ అప్పటికే దాన్ని తీసుకుని, కూతురి పుట్టినరోజు ఎప్పుడో చెబుతోంది.

"తప్పకుండ పెడత మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి."

మాటలయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"మీ పిల్లలకు బిర్యానీ పెట్టిస్తున్న బిడ్డా. ఇగ ఖుషీయేనా?" అని, తలుపు వేసుకుంది.