మా ఫిడేలు టీచరు గారు నిలబడిన రోజులు

మా ఫిడేలు టీచరు గారు పోయారు. మొన్న పొద్దున గుడివాడ నుంచి ఆఫీసుకి బస్సులో వెళ్తుంటే ఆవిడ పక్కింటి పిన్నిగారు ఫోన్ చేసి చెప్పారు. "నిద్దట్లోనే వెళ్ళిపోయారమ్మా, ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు" అన్నారు. నా ఆఫీసు పెడనలో. అక్కడ దిగబుద్ధి కాక అదే బస్సులో బందరు దాకా వెళ్ళిపోయాను.

బందర్లో డిగ్రీ చదివే రోజుల్లో ఆవిడ దగ్గర చేరాను. గుమ్మంలో అడుగు పెట్టగానే "రా" అనేవారు కాదు, "గోళ్ళు చూపించు" అనేవారు. ఎడమచేతి గోరు పిసరంత పెరిగినా తీగ మీద వేలు సరిగ్గా ఆనదని ఆవిడ బాధ. గోళ్ళు తీసుకున్నాకే చాప మీద చోటు.

ఫిడేలు నేర్చుకుందామని వెళ్తే ముందు కూర్చోవడం నేర్పారు. బాసింపట్టు వేసుకుని, కుడి పాదం కొంచెం ముందుకు జరిపి, ఫిడేలు తల ఆ చీలమండ మీద పెట్టాలి. రెండో చివర ఎడమ భుజం కింద గుండెకి ఆనించాలి. అప్పుడు "ఎడమ చెయ్యి తీసెయ్" అనేవారు. చెయ్యి తీసినా ఫిడేలు కదలకపోతే సరిగ్గా కూర్చున్నట్టు. నాది ప్రతిసారీ జారేది, భయంకొద్దీ గట్టిగా పట్టుకునేదాన్ని.

"అది బస్సులో రాడ్డు కాదమ్మాయ్, పట్టుకుని వేలాడ్డానికి!" అని నవ్వేవారు. "ఒళ్ళు మొయ్యాలి, చెయ్యి పాడాలి. మోసే చెయ్యి పాడలేదు."

సరళీ స్వరాలు దాటి కీర్తనల్లోకి వచ్చేసరికి నాకో చిక్కు వచ్చి పడింది. క్రిస్మస్‌కి బందరు చర్చిలో పాటలకి ఫిడేలు వాయించాలని నా ఆశ. బంటుమిల్లి దగ్గర మా ఊరి చర్చిలో అందరం చాపల మీదే కూర్చుంటాం. బందరు చర్చిలో బల్లలు, పాడేవాళ్ళంతా నిలబడతారు. "నువ్వొక్కదానివే కింద కూర్చుంటే ఎవరికీ కనపడవు కదమ్మా. క్రిస్మస్ నాటికి నిలబడి వాయించగలిగితే సరే, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం" అన్నారు అక్కడ పాటలు పాడించే పెద్దాయన. ఆ పండక్కి మా అమ్మ ఊరి నుంచి వస్తోంది. నా వాయింపు అమ్మ అప్పటిదాకా వినలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

భయపడుతూనే టీచరు గారికి చెప్పాను. అది మన పద్ధతి కాదని కసురుకుంటారనుకున్నాను. ఆవిడ మాత్రం "నిలబడి పట్టుకోవడం నాకు తెలీదే. వారం ఆగి రా" అన్నారు. అంత విద్వత్తున్న మనిషి "నాకు తెలీదు" అని అంత తేలిగ్గా అనగా నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

వారం తర్వాత వెళ్తే వీధిలోనే పక్కింటి పిన్నిగారు పట్టుకున్నారు. "మీ టీచరు గారికి ఏమైందే? రోజూ బీరువా అద్దం ముందు నిలబడి వాయిస్తున్నారు! ఎవరి మీదైనా కోపమొచ్చి లేచారేమో అనుకున్నా!"

లోపలికి వెళ్ళి చూస్తే, అరవై దాటిన ఆవిడ మెడ మీద ఎడమవైపు ఎర్రగా కమిలిపోయి ఉంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడకి మాత్రం చెప్పాలన్న ఆత్రమే. "ఇదిగో, తువ్వాలు మడిచి ఇక్కడ పెట్టుకో. ఫిడేలు ఈ ఎముక మీద ఆనాలి, దవడ బరువు పైన వాలాలి, అంతే. భుజం మాత్రం పైకి లేవకూడదు. నేనూ ముందు మూడ్రోజులు ఆ తప్పే చేశాను." ఆ మార్గశిరమంతా ఇద్దరం పక్కపక్కన నిలబడి సాధన చేశాం. ఆవిడ చుట్టాలెవరో "చర్చి పాటలకా ఇంత తంటా?" అంటే, "శిష్యురాలు నాది కదా, తంటా కూడా నాదే" అన్నారు.

పండగనాడు ఆవిడ జరీ చీర కట్టుకుని వచ్చి, ఆడవాళ్ళ వైపు ముందు బల్ల మీద మా అమ్మ పక్కన కూర్చున్నారు. పాటలు గట్టెక్కాయి. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వెనక మెల్లగా నేనొక్కదాన్నే వాయించాలి. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఫిడేలు జారుతుందేమోనని గట్టిగా పట్టుకున్నాను, చెయ్యి బిగుసుకుపోయింది, కమాను కింద తీగ కీచుమంది. అయిపోయింది, అమ్మ ముందు పరువు పోయిందనుకుంటూ తలెత్తాను.

అంతమందిలో ఒక్క టీచరు గారే కళ్ళు తెరుచుకుని నా వైపు చూస్తున్నారు. నాకు కనపడేలా తన ఎడమ భుజాన్ని చెవి దాకా ఎత్తారు. తర్వాత నెమ్మదిగా, జరీ పమిట జారేంత కిందికి దించారు.

నేనూ దించాను. వేళ్ళు వదులయ్యాయి. స్వరం తేటగా సాగింది. రెండు వరుసలు విన్నాక, ఆవిడ కూడా అందరిలాగే కళ్ళు మూసుకున్నారు.