ఐదు చుక్కల బండి

ఆ రోజుల్లో నాకు తెలువని సంగతి లేకుండె. డిగ్రీ కాయితం చేతికి రాంగనే లోకమంతా నా సలహా కోసమే ఎదురు చూస్తున్నట్టు ఉండేది. ఖమ్మంల ఒక జిరాక్స్ షాపు మీది రూముల నా మొదటి నౌకరి. పని ఏందంటే, బండ్లకు చుక్కలు వేసుడు. అమ్మిన బండ్లల్ల ఏదన్న తప్పు బయటపడితే కంపెనీలు 'ఫలానా ఏడాది చేసిన బండ్లన్నీ తీస్కరాండ్రి, బ్రేకు పైపు ఉత్తగనే మార్చిస్తం' అని ప్రకటిస్తయి గద, దాన్నే రీకాల్ అంటరు. ఆ వివరాలు నెట్ల అందరూ చూసేటట్టే ఉంటయి. మేం అవి దించుకొని, ఏ బండిని నమ్మాలె, దేన్ని నమ్మొద్దు అని మా వెబ్‌సైటుల పెట్టేది. మా ఓనరును చుక్కల సారు అని పిలుచుకునేది. సారు కనిపెట్టిన సూత్రం పసిపిల్లలకు గూడ అర్థమైతది: ప్రతి బండికి పుట్టుకతోనే ఐదు చుక్కలు, రీకాల్ వచ్చినప్పుడల్లా ఒక చుక్క కోత. (సారుకు గని నాకు గని కారు లేదు. ఇద్దరం షేర్ ఆటోల వచ్చేది. నాకైతే సైకిలు తప్ప ఏదీ నడపరాదు. అయినా దేశంల ఉన్న కార్లన్నిటి జాతకం మా చేతులల్లనే ఉండె.)

గప్పుడే మా మేనత్త ఒక సంబంధం తెచ్చింది. "పిల్ల నర్సురా. చండ్రుగొండ అవతల అడివి దవాఖానల చేస్తది, పిల్ల బంగారం. నువ్వు జర నోరు మూసుకొని కూసో, మిగిలింది నేను చూసుకుంట" అన్నది. పాపం, ఆమె నన్ను అడిగింది గదొక్కటే. పోయినం, పిల్లను చూసిన. నచ్చింది అనుడు చిన్న మాట. చాయ్ చేతికిచ్చి "శక్కర సరిపోయిందా అండి?" అని ఆమె నవ్వితే, శక్కరే వెయ్యని చాయ్‌ని సరిపోయిందన్న. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలె, ఇంకెవరొద్దు అని అక్కడనే గట్టిగ అనుకున్న. గసుంటి టైములో బుద్ధున్నోడు నోరు మూసుకుంటడు. నేనేం జేసిన? వాళ్ల నాయన "మిర్చి తోటకు కూలోళ్లను తీస్కపోనీకి, ఇంటోళ్లం తిరగనీకి ఒక పాత జీపు చూసిన, బయానా ఇద్దామనుకుంటున్న" అనంగనే, చేతిలున్న గారె పక్కన పెట్టి (అది మళ్లా నా చేతికి రాలే) "అయ్యో, ఆ జీపా మామా! అది రెండు చుక్కలది!" అన్న. సంబంధం ఖాయం కాకముందే మామా అన్నందుకు మా మేనత్త నా కాలు తొక్కింది.

కాలు తొక్కితే ఆగే తెలివా అది! ఒకసారి బ్రేకు పైపు, ఒకసారి స్టీరింగ్ బోల్టు, ఒకసారి సీటు బెల్టు, ఇన్ని రీకాళ్లు వచ్చినయని వేళ్లు మడిచి చెప్పిన. "అంటే అన్నిసార్లు పిలిచి బాగుచేసి పంపిన్రన్నట్టే గద బిడ్డా?" అన్నడు ఆ పెద్దమనిషి అమాయకంగ. "కాదు మామా, అన్నిసార్లు చెడిపోయిందన్నట్టు" అని సరిదిద్దిన. ఇగ ఫోన్ తీసి మా వెబ్‌సైటుల అన్నిటికంటే మీదున్న బండిని చూపించిన. దాని పేరు మీరెవరూ విని ఉండరు. ఒక్కటంటే ఒక్క రీకాల్ లేదు, ఐదుకు ఐదు చుక్కలు. తలుపు కాడ నిలబడ్డ పిల్ల అప్పుడు మెల్లగ అన్నది: "మా దవాఖాన రికార్డులల్ల కొన్ని గూడేలకు జరం కేసులు సున్నా ఉంటయండి. అక్కడ జరాలు లేక గాదు, వానకాలం వాగు దాటి లెక్క రాయనీకి ఎవరూ పోక." నేను చిన్నగ నవ్వి "జరం వేరండి, జీపు వేరు" అన్న. ఆమె లోపలికి పోయింది. గెలిచిన అనుకున్న.

సదువుకున్న పిలగాడు చెప్పిండు గదా అని ఆయన జీపు ముచ్చట ఇడిసిపెట్టి, ఎక్కడెక్కడో ఎతికి ఆ ఐదు చుక్కల బండినే తెచ్చుకున్నడు. దానికి రీకాల్ ఎందుకు లేదో నాకు తర్వాత తెలిసింది. ఆ కంపెనీ కొన్నంటే కొన్నే బండ్లు చేసి దుకాణం బంద్ పెట్టుకున్నది. బండిని వాపసు పిలువాలంటే పిలిచేటోడు ఒకడు ఉండాలె గద! ఏమైతేంది, సంబంధం దాదాపు కుదిరినట్టే అయింది. మా ఇల్లు చూసి మాట ఖాయం చేసుకోనీకి వాళ్లు కొత్తగూడెం వస్తమన్నరు. ఆ పొద్దు మా అమ్మ కోడికూర, బగారన్నం వండింది. నేను ఇస్త్రీ అంగి ఏసుకొని వాకిట్ల నిలబడ్డ. మధ్యాన్నం ఫోన్ వచ్చింది.

"బిడ్డా, బండి ఆగింది."

"ఆగదు మామా."

"ఆగింది బిడ్డా. అడివి నడుమ ఉన్నం. పొగలొస్తున్నయ్."

"ఆ మోడల్ ఆగినట్టు ఎక్కడా లేదు మామా. మీరు సరిగ్గ చూసిన్రా?"

"చూసుడేందయ్యా, దాంట్లకెళ్లి దిగి రోడ్డు మీద నిలబడ్డం!"

మా ఇంటి ముందల ఆటో ఉన్నది. 'ఆడనే ఉండుండ్రి, వస్తున్న' అంటే సరిపోతుండె. ఆ మాట చెప్పనీకి డిగ్రీ గూడ అక్కర లేదు. నేను మాత్రం ఏం డీజిల్ పోసిన్రు, ఎంత స్పీడుల వచ్చిన్రు, నడుపుడుల ఏమన్న తేడా ఉన్నదా అని పోలీసోని లెక్క అడుగుతున్న. ఎందుకంటే ఆ బండి ఆగిందని ఒప్పుకుంటే నా చుక్కలు పోతయి, నా ఇజ్జత్ పోతది. (ఇంకేం పోతదో ఆలోచన చెయ్యలే.) ఇంతల పిల్ల ఫోన్ తీసుకున్నది.

"బానెట్ లేపబోతే నాయన చెయ్యి కాలింది. మేం ఎండల నిలబడి బండి ఆగిందంటున్నం, మీరు ఆగలేదంటున్నరు. రేపు నాకు జరమొచ్చిందన్నా, నీకు ఐదు చుక్కలున్నయి, జరం రానే రాదు అంటరా?"

"అయ్యో, అది వేరండి" అన్న.

"అవ్. మీకు అన్నీ వేరే" అని పెట్టేసింది.

అప్పుడే ఎదురుంగ ఒక జీపు చండ్రుగొండ దిక్కు పోతున్నదట. (రెండు చుక్కలదే. వేరే చెప్పాల్నా?) దాంట్ల ఎక్కి ఇంటికి మర్లిపోయిన్రు. కొత్తగూడెం దిక్కు వచ్చే బండి కోసం గూడ ఆగలే. బగారన్నం మా క్వార్టర్ల లైనంతా తిన్నది, నేను ముట్టలే. బాధైంది, నిజంగనే బాగ బాధైంది. మా మేనత్త "నోరు మూసుకొమ్మన్న గదరా" అని ఒక్క మాట అని, చానా రోజులు మాట్లాడుడే బంద్ చేసింది. నౌకరికి పోయినంక, ఆ బండికి ఒక చుక్కన్న తీసేద్దాం సార్ అని బతిమిలాడిన. "రీకాల్ వచ్చిందా?" అని అడిగిండు చుక్కల సారు. "కంపెనీనే లేదు సార్" అన్న. "అయితే ఐదే" అన్నడు. స్పేర్ పార్టు ఖమ్మంల దొరకలే, భద్రాచలంల దొరకలే. ఆ బండి వాళ్ల తోటల నిలబడి కోళ్లగూడు అయిందని తర్వాత విన్న. కోళ్లు గూడ దాని మీద ఇంతవరకు ఏ ఫిర్యాదూ చెయ్యలేదట.

ఇప్పుడు నాకు వేరే పిల్లతోని పెండ్లయింది, కారున్నది, నడుపుడు గూడ వచ్చింది. నా కారుకు రీకాల్ వచ్చిందని మెసేజ్ వస్తే అందరికంటే ముందు షోరూమ్ కాడ నిలబడేది నేనే. మొన్న భద్రాచలం పోతుంటే, అడివిల నా భార్య "ఏదో సప్పుడొస్తుంది" అన్నది. నాకేం వినపడలే. అయినా పక్కకు ఆపి, దిగి, బండి చుట్టూ తిరిగి చూసిన. ఏం లేదు. "ఏం లేనిదానికి ఎందుకు దిగినవ్?" అని నవ్వింది. నువ్వు చెప్పినవ్ గదా, అన్న. కని నాకు మాత్రం ఇస్త్రీ అంగి ఏసుకొని, ఫోన్ చెవికి పెట్టుకొని "ఆగదు మామా" అంటున్న ఆ పోరగాడు యాదికొచ్చిండు. ఎనకట వాని మీద చానా కోపముండేది, ఇప్పుడు నవ్వొస్తది. వాని చేతిల ఫోన్ గుంజుకొని, మెడవట్టి ఆటోల కూసోబెట్టాలనిపిస్తది: పోరా, జల్దీ పో, వాళ్లు ఎండల నిలబడ్డరు.