ఎలుగుబంటి వెంట్రుకల కోసం

ఒక పిల్ల పేరు మీద నేను పెట్టిన మచ్చను ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్ప కోసమేనేమో. మోసింది ఆ పిల్ల. నేను పక్కన నడిచాను, అంతే. ఈ రోజు మధ్యాహ్నం అందులో కొంత నలుగురి ముందూ బయటపెట్టాను. మిగిలినది నన్ను ఎరిగినవాళ్లకు చెప్పలేను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఓదార్చకండి. చిన్నదానివి, భయస్తురాలివి, పిల్ల తల్లివి అంటూ నా తరఫున కారణాలు వెతకకండి. అవన్నీ నేను వెతికి, వాడి, అరగదీసినవే.

అప్పట్లో అమీర్‌పేటలో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్లం. ముందు వాటాలో మా బావగారు, తోటికోడలు, వాళ్ల కూతురు మాధవి. వెనక వాటాలో మా ఆయన, నేను, మా చిన్ని. వంటిల్లు ఒకటే. తోటికోడలిని అక్కయ్యా అని పిలిచేదాన్ని. ఆమె అంటే నాకు గిట్టదు. ఇప్పటికీ గిట్టదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మిగతాదేదీ మీకు అర్థం కాదు. నేను దించిన కూరను రుచి చూసి మళ్లీ ఉప్పు వేసేది. నేను ఆరేసిన చీరలను తీసి, దులిపి, మళ్లీ ఆరేసేది. నేను మాత్రం ఊరుకున్నానా? ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆ సంగతి ఆమె మరిచిపోకుండా చూసుకునేదాన్ని.

ఓసారి ఎలుగుబంటిని ఆడించేవాడు మా వీధిలోకి వచ్చాడు. మాధవి నిద్రలో కలవరిస్తోందని అక్కయ్య వాడి దగ్గర నాలుగు వెంట్రుకలు తీసుకుని, తాయెత్తులో పెట్టించి పిల్ల మెడలో కట్టింది. అవి ఒంటి మీద ఉంటే పిల్లలు జడుసుకోరని చాలామంది చేసేదే. నేను గుమ్మంలో నిలబడి, పక్కింటివాళ్లు వింటుండగా ఉపన్యాసం ఇచ్చాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని మరి. ఆ వెంట్రుకల్లో ఏ మహిమా లేదని, ఇలాంటి నమ్మకాల వల్లే ఆ జంతువులు అడవుల్లో లేకుండా పోతున్నాయని చెప్పాను. అక్కయ్య అంతా విని పక్కింటావిడ వైపు తిరిగింది. "మా ఇంట్లో బీయస్సీ కోడలుందండీ. దెయ్యమైనా సరే, సర్టిఫికెట్ చూపించి లోపలికి రావాల్సిందే" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

కొన్నాళ్లకు మా చిన్నికి మొదలైంది. రెండేళ్ల పిల్ల. నిద్రలో ఉలిక్కిపడి లేచి, కళ్లు తెరిచే ఉన్నా నన్ను గుర్తుపట్టకుండా ఏడ్చేది. పంజాగుట్టలో పిల్లల డాక్టరుకు చూపిస్తే, పెరిగితే అదే పోతుందన్నాడు. పెరిగేదాకా ఆగే ధైర్యం నాకు లేదు. ఊపిరి ఆడుతోందో లేదో అని దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. తాయెత్తు కట్టాలనిపించింది. నమ్మకం కలిగిందా? లేదు. నమ్మకం లేకుండానే కావాలనిపించింది. కానీ ఎలుగుబంటివాడిని పిలిస్తే వీధంతా చూస్తుంది. అక్కయ్యను అడిగితే జన్మంతా చెప్పుకుని నవ్వుతుంది. నా కూతురి ఏడుపు కంటే ఆమె నవ్వుకే నేను ఎక్కువ భయపడ్డాను. తల్లినేనా నేను?

ఒక ఆదివారం అందరం కలిసి జూకి వెళ్లాం. పాతబస్తీ అవతల ఉన్న పెద్ద జూ కాదు. బేగంపేట వైపు ఒక పాత నవాబు బంగళా, దేవిడీ అనేవాళ్లు, దాని తోటలో చిన్నది ఒకటి ఉండేది. కృష్ణజింకలు, నక్షత్ర తాబేళ్లు, దిగులుగా నిలబడ్డ ఒక బట్టమేక పిట్ట, ఒక ఎలుగుబంటి. అన్నీ అంతరించిపోతున్నవేనని గేటు దగ్గర బోర్డు ఉండేది. బావగారూ మా ఆయనా చిన్నిని ఎత్తుకుని జింకల దగ్గర ఆగిపోయారు. అక్కయ్య చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర డబ్బా విప్పుతోంది. మాధవి నా చెయ్యి పట్టుకుని ఎలుగుబంటి దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకు నేనంటే ఇష్టం. వాళ్లమ్మ కసిరినప్పుడల్లా నా వాటాలోకి వచ్చి కూర్చునేది. ఆ ఇష్టాన్ని కూడా నేను అక్కయ్య మీద గెలుపుగానే చూసుకున్నాను.

ఎలుగుబంటి ఊచలకు వీపు ఆనించి నిద్రపోతోంది. నల్లటి జుట్టు ఊచల సందుల్లోంచి బయటికి వచ్చి ఉంది. జనం దగ్గరికి పోకుండా ముందు ఒక ఇనుప కంచె. అక్కడినుంచి నా చెయ్యి అందదు. ఎనిమిదేళ్ల పిల్ల మాత్రం కంచె కింద నుంచి దూరగలదు.

చిన్ని కోసం నాలుగు వెంట్రుకలు తెచ్చిపెట్టమని మాధవితో అన్నాను. మీ అమ్మకు చెప్పకూడదన్నాను. రహస్యం అనేసరికి దాని మొహం వెలిగిపోయింది. దూరి వెళ్లి, ఊచలకు చిక్కుకుని ఉన్న వెంట్రుకలు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. తాయెత్తుకు అవే ఎక్కువ. అయినా "ఇంకొంచెం" అన్నాను. ఎందుకన్నాను? అది మళ్లీ వెళ్లింది. ఈసారి ఊచలకు ఏమీ మిగల్లేదు. చెయ్యి లోపలికి పెట్టి లాగింది.

ఎలుగుబంటి తిరగడం నేను చూడలేదు. మాధవి కేక విన్నాను.

కాపలా మనిషి కర్రతో ఊచలు బాదుతూ పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, పోరి లోపల్కి పోతుంటే నిలబడి చూస్తున్నవా? జర పట్టుకోవద్దా?" అని నా మీద అరిచాడు. అక్కయ్య పరుగున వచ్చి తన పమిట చింపి పిల్ల చేతికి చుట్టింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. కుట్లు వేశారు. అంతసేపూ ఆ వెంట్రుకలు నా కొంగు ముడిలో ఉన్నాయి.

ఆస్పత్రి వరండాలో బావగారు మాధవిని అడిగారు.

"చెయ్యి ఎందుకు పెట్టావే?"

"పిన్ని పెట్టమంది నాన్నా. ఎలుగు జుట్టు కావాలంది."

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా అక్కయ్యే అందుకుంది.

"పిన్నికెందుకే ఎలుగు జుట్టు? అలాంటివి నమ్ముతుందా ఆవిడ? అబద్ధమైనా అతికేట్టు చెప్పడం రాదు నీకు!"

నన్ను వీధిలో నవ్వులపాలు చేసిన మనిషే నా తరఫున సాక్ష్యం చెప్పింది. నేను ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. "నేను వద్దంటూనే ఉన్నాను బావగారూ" అన్నాను. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. బావగారు మాధవి చెంప మీద కొట్టారు. కట్టు కట్టిన చేతిని గుండెకు అదుముకుని అది నా వైపే చూసింది. ఏడవలేదు.

ఆ వారంలోనే ఆ వెంట్రుకలు తాయెత్తులో పెట్టించి చిన్ని మొలతాడుకు కట్టాను. గౌను కింద ఎవరికీ కనపడదు. కొన్నాళ్లకు ఉలికిపాటు తగ్గింది. డాక్టరు చెప్పినట్టు పెరగడం వల్లే తగ్గిందని నాకు తెలుసు. మాధవి కుడిచేతికి చివరి రెండు వేళ్లు వంగవు. పెన్ను పట్టుకోవడం మళ్లీ నేర్చుకుంది. తరవాత బావగారు మాసబ్ ట్యాంక్ వైపు ఇల్లు తీసుకున్నారు. అబద్ధాలకోరన్న మాట మాత్రం పిల్లతోపాటే వెళ్లింది. ఇంట్లో ఏది పగిలినా, ఏది కనపడకపోయినా, మాధవి కాదంటే చాలు, ఎలుగుబంటి కథలు చెప్పకు అనేవారు. బంధువుల్లో అదొక వేళాకోళం అయిపోయింది. నేనూ వింటూ కాఫీలు అందించేదాన్ని.

ఈ రోజు శ్రావణ శుక్రవారం. మా ఇంట్లో పేరంటం. అక్కయ్య మాధవిని తీసుకుని వచ్చింది. ఇప్పుడు పదో తరగతి. వాయనాలు ఇస్తుండగా వాళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుకోవడం వినిపించింది. లెక్కల ట్యూషన్‌కు ఇక వెళ్లనని, ఆ మాస్టారు మంచివాడు కాదని ఆ పిల్ల చెబుతోంది. నా చేతిలో పసుపు గిన్నె అలాగే ఉండిపోయింది. అక్కయ్య గట్టిగా, అందరికీ వినపడేలా నవ్వింది.

"వింటున్నారా? ఆరోజు పిన్నిని ఇరికించింది. ఇప్పుడు మాస్టారి వంతు వచ్చింది!"

ఆడవాళ్లంతా నవ్వారు. మాధవి తల వంచుకుంది. ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పదని నాకు అర్థమైంది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా అర్థమైంది.

"అది ఆ రోజు నిజమే చెప్పింది. వెంట్రుకల కోసం నేనే పంపించాను. దాని మాట నమ్మండి అక్కయ్యా" అన్నాను.

అక్కయ్య నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. పళ్లెంలో నేను పెట్టిన తాంబూలం వంక చూసి, దాన్ని అక్కడే వదిలేసి లేచింది. పేరంటానికి వచ్చిన ముత్తయిదువ తాంబూలం ముట్టకుండా వెళ్లడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. "పద. రేపటినుంచి ట్యూషన్ లేదు" అంది మాధవితో. మాధవి గుమ్మం దగ్గర ఆగింది.

"రెండోసారి కూడా పంపించావు. అది చెప్పలేదే?"

అదీ చెప్పాను. విని వెళ్లిపోయింది. నన్ను పిన్నీ అని పిలవలేదు.

ఇక అక్కడ ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది. ఆ రోజు వరండాలో బావగారు పిల్లను కొట్టినప్పుడు నేను పిల్లను చూడలేదు. అక్కయ్య మొహం చూశాను. కూతురు అబద్ధాలకోరు అని నలుగురిలో తేలిపోయిన తల్లి మొహం. నాకు సంతోషం వేసింది. భయం తరవాత వచ్చింది. జాలి, సిగ్గు, నిద్ర పట్టకపోవడం ఇంకా తరవాత వచ్చాయి. అన్నిటికంటే ముందు వచ్చింది సంతోషమే. ఇన్నేళ్లూ భయం వల్ల దాచానని నాకు నేను చెప్పుకున్నాను. భయం ఒక్కటే అయితే ఏదో ఒక రోజు చెప్పేసేదాన్ని. ఆమె మీద గెలిచింది ఆ ఒక్కసారే. దాన్ని వదులుకోలేకపోయాను.

చిన్ని పక్క గదిలో నిద్రపోతోంది. మా ఆయన ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. మాధవి క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. క్షమించాల్సిన అవసరం దానికి లేదు. పై మాటలు రాసి మళ్లీ ఒకసారి చదువుకున్నాను. సంతోషం వేసింది అన్న చోట రెండుసార్లు పెన్ను ఆగింది. కొట్టెయ్యలేదు.