బరువు దించుకునే రాయి

నగరి పార్కులో ఆ రాతి బల్లకు మళ్ళీ పచ్చరంగు పూశారు. మొన్న పక్కనుంచి నడుస్తుంటే ఆ రంగు వాసన ఇంకా వస్తోంది. పిల్లలు దాని మీద కూర్చుని ఐస్‌క్రీములు తింటున్నారు. వాళ్ళ తప్పేముంది? అది బల్ల కాదని గట్టిగా చెప్పగల మనిషి, మా భాస్కరరెడ్డి సారు, ఇప్పుడు లేరు.

తిరుపతిలో రోడ్లకు ప్లాన్లు గీసే ఆఫీసులో ఆయన నా మొదటి పైఅధికారి. నోరు కాస్త దురుసు. నగరి రోడ్డు విస్తరణకు నేను కంప్యూటర్ ముందు కూర్చుని తిన్నగా గీత గీసి చూపిస్తే, "ఇది రోడ్డా, పాపిటా?" అని నవ్వి మర్నాడే బస్సెక్కించారు. ఎండలో ఆ దారంతా నడిపించారు. సర్వే సామాన్ల సంచి నా నెత్తికెత్తారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు కనిపించింది రోడ్డు పక్కన ఆ రాయి: రెండు నిలువు బండలు, వాటి మీద అడ్డంగా ఒకటి, సరిగ్గా నా తల ఎత్తున. ఎవరూ చెప్పకుండానే సంచిని దాని మీదికి తోశాను. మెడ తేలికైంది.

"తెలిసిందా ఇప్పుడు, అది ఆడ ఎందుకు ఉండాదో?" అన్నారు సారు.

ఎదురింటి అరుగు మీద నూలు కండెలు చుడుతున్న ముసలామె మాకు మజ్జిగ ఇచ్చింది. "మా అవ్వ తోడబుట్టినామెకు పెట్టిన రాయి నాయనా. నిండు సూలాలు, కానుపు కాకుండానే పోయింది. మోసిన బరువు దించుకోకుండా పాయె గదా. దావన పొయ్యేవాళ్ళు ఈడ దించుకుంటే ఆ తల్లి పానానికి సల్లగుంటాదని పెట్టినారు. మా చీరల మూటలన్నీ దీనిమింద దిగేటివే."

ఆఫీసుకు రాగానే సారు నా గీతను రాయి దగ్గర కొంచెం పక్కకు వంచారు. "ఆయమ్మ మనకంటే ముందే వచ్చి నిలబడి ఉండాది పాపా. పక్కకు పోవాల్సింది మనమే."

ఆయన రిటైరయ్యాక ఆ వంపు ఎవరికీ నచ్చలేదు. నేను వాదించాను, ఫోటోలు చూపించాను, పెద్దల చుట్టూ తిరిగాను. చివరికి రాయిని పగలగొట్టకుండా పార్కుకు తరలిస్తామన్నారు. అదే గెలుపనుకుని సారుకు ఫోన్ చేశాను. రాయిని తరలించాక చేతికర్ర పట్టుకుని చూడవచ్చారు. నిలువు బండల్ని లోతుగా పాతి, పైబండను మోకాలెత్తున కూర్చునే బల్ల చేసి ఉంచారు. సారు కూర్చోలేదు. వంగి దాన్ని కాసేపు నిమిరారు.

"రాయి మిగిలిందిలేమ్మా. ఈడ ఎవురు ఏం దించుకుంటారు?"

ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మొన్న పార్కునుంచి తిరిగి వస్తుంటే, పూర్వం రాయి ఉండిన చోట, నెత్తిన చీరల మూటతో ఒకామె ఆగి చుట్టూ చూస్తోంది. "అమ్మా, రవ్వంత పట్టుకో. ఈడ దించుకునేదానికి ఏమీ లేదు," అంది. స్కూటర్ ఆపి రెండు చేతులూ మూట కింద పెట్టాను. ఆమె మెడ సవరించుకుని, కొంగుతో చెమట తుడుచుకుని, మెల్లగా ఊపిరి పీల్చుకుంది. వెనక తిన్నటి రోడ్డు మీద లారీలు దూసుకుపోతున్నాయి. నా చేతులు లాగుతున్నాయి. దించడానికి నాకూ అక్కడ చోటు లేదు.