నోరు విప్పని అసిస్టెంటు

రియాద్‌లో నేను పనిచేసే గోడౌన్ మూతపడ్డాక, వీసాకు పూచీ ఉండే కొత్త కఫీల్‌ను వెతుక్కోవడానికి నాకు రెండు నెలలే మిగిలాయి. ఈలోగా ఎవరూ పనిలో పెట్టుకోకపోతే ఎగ్జిట్ వీసా మీద ఇంటికి పోవడమే. కరీంనగర్‌లో తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఇక్కడికొచ్చి పెట్టెల మీద నంబర్లు రాసి రాసి విసిగిపోయాను. ఈసారి చదువుకు తగ్గ పనే చూసుకుంటానని పట్టుబట్టాను.

రియాద్ శివార్లలోని సులైలో నా గదిలో ఉండే జగిత్యాల ఏసీ మెకానిక్ ఆ మాట విని పెదవి విరిచాడు. "సారూ, నీ ఇంగ్లీషు మంచిగనే ఉంటది గని, ఈడ మొఖం జూసి పనిస్తరు. మల్ల ఏదన్న గోడౌన్ల అడుగు."

నాకు ఒళ్లు మండింది. మర్నాడే ఒక ఇంగ్లీషు కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేశాను. అవతలి గొంతు ఎంతో మర్యాదగా రమ్మంది. తీరా వెళ్లాక, ఫోన్లో మాట్లాడిన కోఆర్డినేటర్ నన్ను చూడగానే ముఖం ముడుచుకున్నాడు. లాహోర్ మనిషి. నా సర్టిఫికెట్లు తెరవకుండానే పక్కకు నెట్టి, "ఇండియా పాస్‌పోర్టా?" అన్నాడు. అయినా డెమో క్లాసు చెప్పనిచ్చాడు. ఆఫీసుల్లో పనిచేసే సౌదీ కుర్రాళ్లు బ్రేక్ కూడా మరిచిపోయి ప్రశ్నలడిగారు.

క్లాసయ్యాక కోఆర్డినేటర్ ఉర్దూలో తేల్చేశాడు. "భాయ్, నువ్వు బాగానే చెప్తావు. కానీ ఫీజు కట్టేవాళ్లకు తెల్లతోలు గోరా టీచర్ కావాలి. అసిస్టెంటుగా చేరు. ఆయనకు పాఠాలు రాసిచ్చి వెనక కూర్చో. క్లాసులో మాత్రం నోరు విప్పొద్దు. పని నచ్చితే నీ కఫాలా మా పేరుకు మార్పిస్తాం."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ గోరా టీచర్‌ది యూరప్‌లో ఏదో చిన్న దేశం. ఇంగ్లీషు అతనూ నాలాగే బడిలో నేర్చుకున్నాడు. నేను ఫోన్లో టైపు చేసి ప్రింటు తీసిచ్చిన కాగితాలు అందుకునేటప్పుడు కళ్లెత్తి చూసేవాడు కాదు. ఒకరోజు నా ఎదుటే కోఆర్డినేటర్‌తో, "ఇతని దగ్గర మసాలా వాసన. కాస్త దూరంగా కూర్చోబెట్టండి" అన్నాడు. నా కుర్చీని గోడ దాకా జరిపారు.

మూడోవారంలో ఒక విద్యార్థి లేచి, 'సిన్స్' ఎక్కడ వాడాలి, 'ఫర్' ఎక్కడ వాడాలి అని అడిగాడు. నేను రాసిచ్చిన కాగితంలో అది లేదు. గోరా టీచర్ బోర్డు మీద ఏదో రాశాడు. తప్పు. విద్యార్థి నమ్మలేదు, మళ్లీ అడిగాడు. అప్పుడు టీచర్ నావైపు తిరిగి, "అసిస్టెంట్, వీళ్లకు చెప్పు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. గది చివరిదాకా వినిపించేలా ఇంగ్లీషులోనే అన్నాను: "క్షమించండి. నన్ను ఇక్కడ నోరు విప్పొద్దన్నారు."

క్లాసంతా ఘొల్లున నవ్వింది. టీచర్ మెడ ఎర్రబడింది. పది నిమిషాల్లో కోఆర్డినేటర్ నా బ్యాగు తెచ్చి గుమ్మం బయట పడేశాడు. "మా పరువు తీశావు. యల్లా, నడు!"

"పరువుంటే కదా తీయడానికి" అన్నాను.

మెట్లు దిగుతుంటే ప్రశ్న అడిగిన కుర్రాడు వెనకాలే వచ్చాడు. "ఉస్తాద్, జవాబు మీరు చెప్పండి."

"వెళ్లి మీ గోరానే అడుగు" అని కసిరి వచ్చేశాను. ఆ సెంటర్లో నన్ను ఉస్తాద్ అన్నది అతనొక్కడే. తక్కినవాళ్లతో అన్న మాటలకు నేనెప్పుడూ బాధపడలేదు. అతణ్ణి కసిరిన ఆ ఒక్క మాటకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

గడువుకు పదకొండు రోజుల ముందు అల్ ఖర్జ్‌లోని ఒక డెయిరీలో పని దొరికింది. ఆవుల మందుల సీసాల మీద ఇంగ్లీషు చదివి, ఏది ఎంత వాడాలో పనివాళ్లకు హిందీలో చెప్పడం. అక్కడ చేరిన నెలకు కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. గొంతులో మళ్లీ ఆ పాత మర్యాద. "భాయ్, నువ్వు రాసిన పాఠాల ఫైలు కొంచెం పంపిస్తావా? కొత్త బ్యాచ్ మొదలవుతోంది."

అతను చెప్పేదంతా పూర్తిగా విన్నాను. తర్వాత ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ పెట్టేసి, అందులో ఉన్న ఆ ఫైలు చెరిపేశాను.