వాన దొంగ యాస

వానను దొంగిలించినవాడు మా వైపు మనిషట. ఈ సంగతి నాకు ఒక పిల్లల కథ వల్ల తెలిసింది. చదువుకునే కథ కాదు, వినే కథ. ఫోన్‌లో ఒక యాప్ వేసుకుంటే అందులో ఎవరో కథ చదువుతూ ఉంటారు, పిల్లలు చెవుల్లో వైర్లు పెట్టుకుని నోరు తెరుచుకుని వింటూ ఉంటారు. దాన్ని ఆడియోబుక్ అంటారట. హిందూపురంలో మందుల షాపు నడుపుకునే నాకు ఇవన్నీ ఎందుకు తెలుస్తాయి? అంతా మా వదిన పుణ్యం.

వదిన అంటే మా ఆయనకు అక్క. ధర్మవరంలో వాళ్లది పట్టుచీరల వ్యాపారం. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాం. రెండో తరగతి చదివే నా కూతురు ఆడి ఆడి వచ్చి, "అత్తా, నీళ్లు యాడుండాయి?" అంది. అంతే, వదిన గుండె మీద చెయ్యి వేసుకుంది.

"యాడుండాయి ఏమిటమ్మా, అసహ్యంగా! నీళ్లు ఎక్కడున్నాయి అనాలి. ఎవరు నేర్పారు నీకు ఈ మాటలు?"

"తాత," అంది నా కూతురు. తాత అంటే మా నాయన.

వదిన నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుతో మా పుట్టింటినంతా ఊడ్చి గుమ్మం బయట పోసింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. చీర ఆలస్యం చేసిన మగ్గం ఆయనెవరో. "యాడ సచ్చినావప్పా ఇన్ని దినాలు? పార్టీ వచ్చి ఈడ కూర్చోనుండాది!" అని వీధి చివరికి వినబడేలా అరిచి, ఫోన్ పెట్టేసి, చెంగు సర్దుకుని, మళ్లీ నా కూతురి వైపు తిరిగి, "ఎక్కడ అనాలి, తెలిసిందా తల్లీ?" అంది. అబ్బో! ఆ నాలుకకు ఎన్ని మడతలో.

ఆ సాయంత్రమే నా ఫోన్ లాక్కుని ఆ యాప్ వేసింది. "ఇది వింటే పిల్లకు స్వచ్ఛమైన తెలుగు వస్తుంది," అంది. మాది బోరు నీళ్లయినట్టు, అది ఫిల్టర్ నీళ్లయినట్టు. సరే, పిల్ల షాపులో నా కాళ్ల కింద పడకుండా ఒక మూల కూర్చుంటుంది కదా అని నేనూ ఊరుకున్నాను.

కథ ఏమిటంటే, ఒక నది ఒడ్డున ఒక రాజ్యం. పచ్చటి పొలాలు, కొబ్బరి చెట్లు, పడవలు. ఉన్నట్టుండి అక్కడ వానలు ఆగిపోతాయి. ఎక్కడో ఒక రాళ్లగుట్ట మీద, పాడుపడిన కోటలో ఉండే రాక్షసుడు లోకంలోని వాననంతా దొంగిలించి ఒక పెద్ద గుండిగలో పోసి మూత పెట్టేశాడట. వాడి దగ్గర నుంచి వానను తేవడానికి ఒక చిన్నపిల్ల కాగితం గుర్రం ఎక్కి బయలుదేరుతుంది. దారిలో మాట్లాడే గాలిపటాలు, దారి చూపే మిణుగురులు. రాజు మాట్లాడితే తేనె. మంత్రి మాట్లాడితే వెన్న. ఆఖరికి ఆ కాగితం గుర్రం కూడా కాలేజీలో తెలుగు పాఠం చెప్పే మేడంలాగా మాట్లాడుతుంది.

నా కూతురు చెవుల్లో వైర్లు పెట్టుకుని వింటుంది కాబట్టి ఇదంతా నాకు అది చెబితేనే తెలిసింది. ఒకరోజు షాపులో జనం ఉన్నప్పుడు ఆ వైరు ఊడిపోయింది. కథ షాపంతటికీ వినబడింది. సరిగ్గా రాక్షసుడు నోరు తెరిచిన చోటు.

"ఏందిరా! యాడికొచ్చినావురా! నా గుట్ట మీద కాలు పెట్టేకి నీకెన్ని గుండెల్రా!" అని గర్జించి, ఫట్‌మని తొడ కొట్టుకున్నాడు. అవును, చెవులతో వినే కథలో తొడ కొట్టిన చప్పుడు కూడా పెట్టారు మహానుభావులు.

మోకాళ్ల నొప్పుల మాత్రలకు అగళి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కౌంటర్ దగ్గర ఉన్నాడు. "ఎవురమ్మా ఈడు? మన పక్కోడా?" అన్నాడు.

"రాక్షసుడంట," అన్నాను.

"ఓహో, అట్లయితే మనోడే," అని ఆయన నవ్వాడు. షాపులో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? రాజుకు ఒక యాస, గుర్రానికి ఒక యాస ఉంటే సరే అనుకుందును. అందరికీ పుస్తకం తెలుగు, ఒక్క దొంగ వెధవకు మాత్రం మా మాట! అది కూడా సరిగ్గా వచ్చి చచ్చిందా అంటే అదీ లేదు. "వాడు వస్తాండాడు" అనడం రాక "వాడు వస్తాండా" అంటాడు. మా ఊళ్లో పాలు తాగే పిల్ల కూడా అట్లా అనదు. ప్రతి మాట చివరా ఒక "రా" తగిలించి, గొంతులో గులకరాళ్లు పోసుకుని అరిస్తే అది సీమ అయిపోతుందా? మరి వాళ్లకు దొరికిన దొంగతనం చూడండి. వాన! వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన వాళ్లం మేము. నల్లమబ్బు కనిపిస్తే పని వదిలేసి మిద్దె ఎక్కే వాళ్లం. మేము వాన దొంగలమట! ఆ గుండిగ ఎక్కడుందో చెబితే మేమూ పోయి ఒక బిందె ముంచుకుని వద్దుము కదా.

అప్పటికి నాకది ఒట్టి వెక్కిరింతే. మా నాయన జోలికి వస్తుందని తెలియదు.

మా నాయనది పెనుకొండలో స్టీలు సామాన్ల షాపు. మెయిన్ రోడ్డు మీద, సరిగ్గా కొండకు ఎదురుగా. ఆ కొండ మీద కోట ఉంది, రాళ్లున్నాయి, ఎండ ఉంది. షాపు నిండా ఒకదాని మీద ఒకటి ఎక్కించిన గుండిగలు, బిందెలు. ఇక మా నాయన గొంతు సంగతి చెప్పాలి. ఆయనకు చిన్నగా మాట్లాడటం రాదు. రోడ్డుకు ఆ వైపు నడిచే మనిషిని ఈ వైపు నుంచి పిలిచి గంటె అమ్ముతాడు. నా కూతురికి ఆ గొంతంటే ప్రాణం. హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కిన దగ్గర నుంచి తాత ఏమంటాడో తానే అని చూపిస్తూ వచ్చేది. ఆటో ఆగకముందే దూకేది.

ఆ నెల వెళ్లినప్పుడు దూకలేదు. ఆటోలో నా కొంగు పట్టుకుని కొండ వైపే చూస్తూ కూర్చుంది. షాపులో నుంచి మా నాయన ఎప్పటిలాగే కేక వేశాడు.

"ఎవురొచ్చినారో సూడండప్పా! యాడికి పోతాండావే బంగారూ? ఈడికి దా!"

పిల్ల నా వెనక్కి దూరింది. ఎత్తుకోబోతే ఏడుపు లంకించుకుంది. మా నాయన నేల మీద గొంతు కూర్చుని, చేతులు చాపి, "ఏమైందే? నేనేమి మింగుతానా నిన్ను?" అన్నాడు. ఆ మాటతో ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి నా నడుం పట్టుకునే, షాపులోని గుండిగల వైపు వేలు చూపించి అడిగింది.

"తాతా, వానను ఏ గుండిగలో దాచావు?"

షాపులో పనిచేసే ఆమె నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. నేను కథంతా చెప్పాక కూడా నవ్వుతూనే, "యాడుండాది ఆ కత? నాకూ ఇనిపీ," అని ఫోన్ తీసుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, రాక్షసుడి భాగమంతా విన్నాడు. తొడ కొట్టినప్పుడు కళ్లు తెరిచాడు. "వానల్లేక మనం సచ్చింది సాల్లేదా పాపా, దొంగతనం కూడా మన మీదనే ఏసినారా?" అన్నాడు. పాపా అంటే నేను. నాకు పిల్ల పుట్టినా, తల నెరుస్తున్నా, ఆయనకు నేను పాపనే.

మాట నవ్వుతూనే అన్నాడు గానీ ఫోన్ తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు పిల్ల ఆయన పక్కన అన్నం తినలేదు. వచ్చేటప్పుడు ఆయన "పోయొస్తావా బంగారూ?" అంటే నా భుజంలో మొహం దాచుకుంది. ఆయన ఇంకోసారి పిలవలేదు. రోడ్డు అవతలికి కేకలు వేసే మనిషి, పక్కనే ఉన్న పిల్లను పిలవలేదు.

ఇంటికి రాగానే ఆ యాప్ పీకి పారేశాను. పిల్ల అన్నం మానేసింది. మా ఆయనకు జాలి పొంగి మళ్లీ వేశాడు. నేను ఊరుకోకుండా ఆ కథలు తయారు చేసేవాళ్లకు రాశాను, ఎవడయ్యా మీకు ఈ బుద్ధి నేర్పింది అని. జవాబు వచ్చింది. నా విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలట. పాత్ర సహజంగా ఉండాలని అట్లా చేశారట. సహజమట! కాగితం గుర్రం గాల్లో ఎగిరే కథలో, మా నోటికి వచ్చేసరికి సహజం గుర్తొచ్చింది వీళ్లకు.

తర్వాత చాలా రోజులు పిల్ల తాత ఫోన్ వస్తే తీసుకోలేదు. వీడియో పెడితే మంచం కింద దూరేది. ఆయన ఫోన్ చేయడం మానలేదు. ఒక సాయంత్రం నేను స్పీకర్ పెట్టాను. ఆ వైపు నుంచి ఎవరో చాలా మెల్లగా అన్నారు.

"ఎక్కడ ఉన్నావు తల్లీ? భోజనం చేశావా?"

ముందు నేను రాంగ్ నంబర్ అనుకున్నాను. తర్వాత అర్థమైంది. మా నాయన! టీవీలో వార్తలు చదివేవాళ్లను చూసి నేర్చుకున్నాడట, మా అమ్మ తర్వాత చెప్పింది. షాపులో ఎవరూ లేనప్పుడు గుండిగల ముందు నిలబడి "ఎక్కడ, ఇక్కడ, అక్కడ" అని పాఠం వల్లె వేస్తున్నాడట. ఏం ఖర్మ అని ఏడవాలా, ఎవరినైనా తిట్టాలా?

పిల్ల మంచం కింద నుంచి వచ్చింది. ఫోన్ తీసుకుంది. మాట్లాడింది. ఆయనకు అది చాలు. ఆ రోజు నుంచి ఆయన మాట మార్చేశాడు. మేము వెళ్తే గొంతు తగ్గించి, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "రండి, కూర్చోండి" అంటాడు. మా ఇంట్లో మమ్మల్ని "రండి" అంటాడు! పిల్ల ఒళ్లో కూర్చుంటుంది గానీ మునుపటిలా గోల లేదు. అద్దెకు తెచ్చిన కోటు తొడుక్కున్నవాడిలా ఉండేవాడు మా నాయన. మా వదినకు తెలిసి ధర్మవరం నుంచి ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. "చూశావా, పెద్దాయన కూడా ఎంత చక్కగా మాట్లాడుతున్నారో!" అంది. నా నోటి దాకా వచ్చిన మాటలు ఇక్కడ రాసేవి కావు.

పిల్ల దగ్గరే ఆ వేషం అనుకున్నాను. కొన్ని నెలలకు నాతో కూడా అదే. "చెప్పమ్మా, ఎలా ఉన్నావు?" అంటాడు. "నాయనా, పాప ఈడ లేదు, ట్యూషన్‌కు పోయింది, నాతో మామూలుగా మాట్లాడు," అన్నాను ఒకసారి.

"అలవాటు తప్పితే మళ్లీ దాని ముందు నోరు జారుతుందమ్మా," అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఏ మందు ఎక్కడుందో గుర్తు రాలేదు. పాపా అని పిలిచే మనిషి నాకు లేకుండా పోయాడు.

మొన్న ఒక మధ్యాహ్నం షాపులో పిల్ల మూలన కూర్చుని వింటోంది. విన్నదే వింటోంది. ఫోన్ మీద వేలు పెట్టి వెనక్కి జరపడం, వినడం, మళ్లీ జరపడం. విసుగొచ్చి చెవిలోది ఒకటి లాగి నా చెవిలో పెట్టుకున్నాను. రాక్షసుడు! యాడికొచ్చినావురా అంటున్నాడు.

"ఎన్నిసార్లు వింటావే ఈ దరిద్రం? నీకు వాడంటే భయం కదా?"

"అప్పుడు చిన్నపిల్లని," అంది నా కూతురు, ఎన్నేళ్లయిందో అన్నట్టు.

"మరి ఎందుకు వింటున్నావు?"

"తాత ఇప్పుడు ఇట్లా మాట్లాడడం లేదు కదమ్మా. వీడొక్కడే మాట్లాడతాండాడు."

కౌంటర్ దగ్గర మనుషులున్నారు. ఉండనీ అనుకున్నాను. పెనుకొండకు ఫోన్ చేశాను. "చెప్పమ్మా, కులాసానా?" అన్నాడు మా నాయన. నేనేమీ అనకుండా స్పీకర్ పెట్టి పిల్ల చేతికిచ్చాను.

"తాతా, రాక్షసుడి మాదిరి మాట్లాడు," అంది అది.

"ఎందుకు తల్లీ? నీకు భయం కదా?" అన్నాడు మా నాయన, ఆ అద్దె తెలుగులోనే.

"అట్ల గాదు తాతా. నీ మాదిరి మాట్లాడు."

మా నాయన గొంతు సవరించుకోవడం వినబడింది. ఒకసారి, ఇంకోసారి. తర్వాత షాపు అదిరిపోయింది.

"యాడుండావే బంగారూ! ఆ నాకొడుకు నా మాదిరి మాట్లాడేది యాడిదే? మన మాదిరి మాట్లాడేకి పోయినాడు, వానికి చాతగాలేదు!"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వి, కొంచెం ఆగి, పాత ప్రశ్నే మళ్లీ అడిగింది, ఈసారి మా మాటలో.

"తాతా, మరి వానని యాడ దాచినావు?"

"నా దగ్గరుంటే దాచిపెడతానా బంగారూ? ఎప్పుడో ఊరందరికీ పోసేసి ఉందును గదా," అన్నాడు మా నాయన. ఆ గొంతు మందుల కోసం నిలబడ్డ వాళ్లందరికీ వినబడింది. ఒక్కరూ నవ్వలేదు.